బర్రె మెడలో పతకం

యాభై తొమ్మిదిలో అనుకుంటాను. మాది అల్లూరు. మా ఆయన మిలిటరీలో హవల్దారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో ఉన్నప్పుడు అమెరికా సైన్యం ఇచ్చిన పతకం ఆయన సర్వీసు రికార్డులో ఎక్కలేదు. రిటైరయ్యేలోగా ఎక్కించమని అర్జీ పెట్టుకుంటే, పతకం తెచ్చి చూపించమన్నారంట. అందుకోసమే సెలవు మీద వచ్చినారు.

"ట్రంకుపెట్టె అడుగున ఎర్ర రిబ్బను బిళ్ల ఉండాలే, యాడుంది?" అని అడిగినారు. నల్లబడిన ఆ బిళ్లను తాయెత్తనుకుని, పోయినేడు బర్రె ఈనినప్పుడు దిష్టి తగలకుండా దాని మెడకు కట్టేసినాను!

ఏడుస్తా చెప్పినాను. ఇద్దరం కాలవ కాడికి పరిగెత్తినాం. బర్రె గొంతుదాకా నీళ్లలో ఉంది. ఆయన ప్యాంటుతోనే దిగి దాని మెడ కింద తడిమినారు. చానాసేపు వెతికినారు. 

"ఉందే, ఉంది!" అని ఆయన కేకేసినాక గట్టు మీదే కూలబడ్డాను.

చింతపండుతో తోమి ఆయనతో పంపినాను. రికార్డులో ఎక్కిందని కాగితం వచ్చింది. ఆ కాగితం ఎవరికి చూపించినా ఆయనది ఒకటే మాట: "ఆ బిళ్లను నేను పెట్టుకున్నది ఒక్కపూట. మా బర్రె ఏడాది పెట్టుకునింది. దాని పేరు మాత్రం యాడా రాయలేదు."