ఎలుకల పాదాలకు పసుపు

మా కొత్తగూడ గల్లీలో నీలమ్మ ఇల్లు మా ఇంటికి ఎదురు. ఏం పని చేస్తుందో ఎవరికీ చెప్పదు, నేను చెప్పించుకున్నాను. హైటెక్ సిటీ వెనకాల మందులు పరీక్షించే కంపెనీలో, ఎలుకల గదిలో ఊక మార్చి నీళ్ళు పెడుతుంది.

ఆ ఎలుకలకు సూదితో షుగర్ తెప్పిస్తారట. వెనక పాదానికి పుండు చేసి, సగం వాటికి కొత్త మందు, సగం వాటికి ఉత్త నీళ్ళు ఇస్తారట.

"నీళ్ళు తాగేటివేం పాపం చేసినయే?"

"మందు పనిచేస్తుందా లేదా తెల్వాలంటే కొన్నిటిని గట్లనే ఇడువాలె అక్కా."

ఆమె పెనిమిటి కొమురయ్యకూ షుగరే. బాలానగర్ లేత్ షెడ్డులో ఇనుప రజను గుచ్చుకున్న కాలు నల్లబడింది. పాదం తీసెయ్యాలన్నారు దవాఖానలో. పాదం తీసే పొద్దు ఆమె సెలవడిగితే, ఆ గది చూసే వెంకటనారాయణ సారు, "మీ ఆయనకి ఇంకో కాలుందిగా నీలమ్మా! ఇవాళ పుళ్ళు కొలవాలి, వీటినెవరు పట్టుకుంటారు?" అని నవ్వాడట. పోతే పని పోతుందని ఆగిపోయింది. మత్తు దిగి "నీల ఏది?" అని కొమురయ్య అడిగినప్పుడు మంచం పక్కన ఉన్నది నేను.

సాయంత్రం పరుగెత్తుకొచ్చిన నీలమ్మ ఏడవలేదు. "సారు నవ్విండక్కా. ఏడిపిస్త" అన్నది.

మరునాటి నుంచి నీళ్ళ ఎలుకల పుళ్ళకు మాత్రం, మనం పిల్లల దెబ్బలకు పెట్టినట్టే, పసుపు పెట్టింది. తుడిచినా మరక పోదు కదా! కానీ షుగర్ ఎలుకలు ఆగకుండా ఉచ్చ పోస్తాయి. సారు అది ఉచ్చ మరకే అనుకుని, ముక్కు మూసుకుని కొలుచుకుని పోయేవాడు.

చివరికి రెండు రకాల ఎలుకల పుళ్ళూ ఒక్కతీరుగా మానాయి. మందు గొప్పేముందని పైవాళ్ళు సారును కడిగేశారు. కోకాపేట కొత్త ఆఫీసులో ఆయనకు రావాల్సిన పెద్ద కుర్చీ ఆగిపోయింది.

"పగ తీరింది. ఇగ నోరు మూసుకొని పని చేసుకో" అన్నాను.

"ఎవరు చేసిన్రో ఆయనకు ఎర్కలేకపోతే అదేం పగ?"

మర్నాడు తిన్నగా ఆయన ముందు నిలబడిందట. "నీళ్ళ ఎలుకలకు పసుపు పెట్టింది నేనే సారూ. మీరు నవ్విన్రు గద, అందుకు."

"నీకసలు బుద్ధుందా? మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి! కొత్త ఎలుకలు, కొత్త పుళ్ళు!"

"నవ్వున్రి సారూ ఇప్పుడు."

ఆ పూటే వెళ్ళగొట్టారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో వంట చేస్తోంది. మొన్న నీలమ్మ మా అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతుంటే నోరాగక అడిగాను.

"ఆ కొత్త ఎలుకలకు మళ్ళ పుండ్లు చేస్తరు గదనే. వాటి ఉసురు తగలదా నీకు?"

చేట ఆగింది.

"తగలనియ్ అక్కా. సగం ఆ సారుకు గూడ తగలాలె" అని మళ్ళీ చెరగసాగింది.