అడగనిదే నీళ్ళు పోయని అనుమతమ్మ

ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసుకునే ఆయాలకు మా ఆఫీసులో శిక్షణ ఇచ్చేది నేనే. "ఒంటి మీద చెయ్యి వేసేముందు అడగండర్రా!" అని గొంతు చించుకుంటాను. అందరూ బుద్ధిగా తలలూపుతారు, గుమ్మం దాటగానే గాలికొదిలేస్తారు. ఒక్క మనిషి మాత్రం ఆ మాట పట్టుకుని నా ప్రాణం తీసింది. దుప్పటి తీయాలన్నా అడుగుతుంది, దిండు సర్దాలన్నా అడుగుతుంది. అందుకే ఆమెకు అనుమతమ్మ అని పేరు పెట్టాం.

తుంటి విరిగి మంచాన పడ్డ ఒక రిటైర్డ్ కండక్టరు గారింట్లో ఆమెను వేశాను. వారం తిరక్కుండానే ఆయన కోడలు ఫోన్లో విరుచుకుపడింది.

"స్నానం చేయించమంటారా అని మీ మనిషి అడుగుతుంది. మా మావయ్యగారు వద్దంటారు. ఈవిడ 'సరే' అని కూర్చుంటుంది! నాలుగు రోజులుగా ముక్కు మూసుకుని తిరుగుతున్నాం మేడమ్. ముందున్నావిడ అయితే ఎత్తి కుర్చీలో పడేసి నీళ్ళు కుమ్మరించేది."

ఇంకో ఫిర్యాదొస్తే పనిలోంచి తీసేస్తానని అనుమతమ్మకు ముందే చెప్పి ఉన్నాను. ఒళ్ళు మండి వెంటనే బయల్దేరాను.

వెళ్ళేసరికి ఆమె మంచం పక్కన తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బుర్ర ఉందా తల్లీ? కాస్త నచ్చజెప్పలేవూ?"

"చెప్పానండీ. ఆయనకింకా నచ్చలేదు."

"ఈవిణ్ణి మార్చేస్తున్నాం మావయ్యగారూ," అంది కోడలు.

పెద్దాయన మెల్లగా తల తిప్పాడు.

"నన్నడిగారా?"

కోడలు నా వంక చూసింది, నేను ఆమె వంక చూశాను.

"ఆపరేషనప్పుడు అడగలేదు. మంచం తెచ్చి ఈ వాషింగ్ మెషిన్ పక్కన పడేసినప్పుడు అడగలేదు. నా చొక్కా విప్పిన ప్రతివాళ్ళూ అడక్కుండానే విప్పారు. ఈ అమ్మాయి వచ్చాకే నాకు వద్దు అనే వీలు దొరికింది. నాలుగు రోజులు కడుపునిండా వద్దన్నాను. అదీ లాగేసుకుంటారా?"

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కోడలు కళ్ళు తుడుచుకుంటూనే, "ఆవిణ్ణే ఉండనివ్వండి మేడమ్. మరి స్నానం?" అంది.

అనుమతమ్మ లేచి నిలబడింది. "తాతగారూ, స్నానం చేయించమంటారా?"

ఆయన మమ్మల్నిద్దర్నీ తీరుబడిగా చూశాడు. 

"చేయించు. ముందు వీళ్ళిద్దర్నీ బయటికి పొమ్మను."

కోడలు ఏదో అనబోయింది. ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను, ఆమెనేమీ అడక్కుండానే.