వేడినీళ్లలో పాలవేళ

పాప పుట్టినప్పటి నుంచి నాకు నిద్ర లేదని, మెల్‌బోర్న్‌కి దూరంగా కొండల్లో ఉన్న జపనీస్ వేడినీటి బుగ్గల విడిదిలో మా ఆయన నాకొక్కదానికే ఒక రాత్రికి గది తీసుకున్నాడు. పాప సీసా పాలు ముట్టదని నా భయం.

సాయంత్రం అక్కడి పద్ధతిలో పీట మీద కూర్చుని ఒళ్లు రుద్దుకున్నాక, అందరూ దిగే తొట్టిలోకి దిగాను. ఆ వేడికి పాలు చేపుకొచ్చాయి. నీళ్లలో కలుస్తాయని గబగబా లేచి, గదికెళ్లి మా ఆయనకి ఫోన్ చేశాను.

"పాప ఏడుస్తోందా?"

"లేదే, బాటిల్ మొత్తం ఫినిష్ చేసి పడుకుంది. నువ్వూ రిలాక్స్ అవ్వు."

నేను వినాలనుకున్న మాటే అది. అయినా సింకు దగ్గర నిలబడి పాలు పిండుకుంటుంటే, చాప మీద ఒక్కదానికే పరిచిన పరుపు వైపు చూడబుద్ధి కాలేదు.