ముందు నాచేత చదివించిన పాఠాలు

రెండువేల దశకం తొలి ఏళ్లలో నేను బెంగళూరులో ఒక కాలేజీ లైబ్రరీ అటెండర్ని. ప్రొఫెసరు గారి ఆన్‌లైన్ కోర్సు తయారుచేసే టీచింగ్ అసిస్టెంటు ప్రతి పాఠాన్నీ ముందు నాచేత చదివించేది. పక్కనే చేతులు కట్టుకుని కూర్చునేది, ఒక్క మాట సాయం చేసేది కాదు.

డిగ్రీ లేకున్నా బీరువాలకు బీరువాలు చదివానని నాకు గర్వం. మూడో పాఠం అర్థం కాకపోయినా తలాడించాను.

"అబద్ధమాడొద్దు, అన్నా," అంది ఆవిడ. "రేపు ఇంట్లో ఒక్కతే కూర్చుని చదివే పిల్ల ఎవర్ని అడుగుతాది?"

సిగ్గు చంపుకుని, తెలియని చోట వేలు పెట్టాను. ఆవిడ చూస్తే, క్లాసులో ప్రొఫెసరు గారు బోర్డు మీద వేసే బొమ్మ అక్కడ లేదు. అలాంటివన్నీ వెతికి చేర్చేసరికి కోర్సు వారం ఆలస్యమైంది.

"ఎవరివల్ల?" అని ప్రొఫెసరు గారు కసిరారు. నేను తలవంచుకున్నాను.

"మా లైబ్రరీ అన్న పట్టినాడు సార్," అంది ఆవిడ. "మనిద్దరికీ కనపడలేదు ఆ తప్పు."