ఎత్తిన చెయ్యి దిగేదాకా

మా అమ్మాయి ఈ మధ్య కొత్త బండి కొనుక్కుంది. తాళం తిప్పగానే, ఇంజను ఇంకా అందుకోకముందే, దాని కడుపులోంచి జుయ్‌మని సన్నని చప్పుడు ఒకటి వచ్చి ఆగిపోతుంది. అది పెట్రోలు పంపు చప్పుడని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటిసారి విన్నప్పుడు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. సరిగ్గా మోగిందా, మధ్యలో తడబడిందా అని చెవులు వాటంతటవే వెతుక్కున్నాయి. పలాస నుంచి టెక్కలి దాకా హైవే మీద, లారీల మధ్య రోజూ ఉద్యోగానికి వెళ్లి రావాలి పిల్ల. భయపడడానికి నాకు అంతకన్నా పెద్ద సాకు అక్కర్లేదు. అయినా ఈ చప్పుడు వినగానే మొదట గుర్తొచ్చేది పిల్ల కాదు, దాలయ్య మావ.

మావ అంటే చుట్టరికం కాదు. ఎదురింటి పెద్దాయన్ని మావ అనకపోతే మా వైపు ఇంకేమంటారు? మిలిటరీలో విమానాల ఇంజన్లు బాగుచేసే పని చేసి, రిటైరై వచ్చి, కాశీబుగ్గలో మోటార్ల వైండింగు షాపు పెట్టుకున్నాడు. ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నాడు. ఆడపిల్ల మోటార్లు విప్పడమేమిటని బజారంతా ముక్కున వేలేసుకుంటే, వాళ్ల వేళ్లు వాళ్ల ముక్కుల మీదే ఉండనిమ్మన్నాడు. షాపు వెనక మూతబడ్డ జీడి గోదాము ఒకటుండేది. లోపలికి వెళ్తే జీడి తొక్కల నూనె వాసన గొంతు పట్టేసేది. చేరిన వారానికి నన్ను ఆ గోదాములోకి తీసుకెళ్లి టార్పాలిన్ తీశాడు. కింద విమానం ఉంది. బొమ్మ కాదు. అల్యూమినియం గొట్టాలు, చెక్క, బిగించి కట్టిన గుడ్డతో, ఒక్క మనిషి కూర్చునే నిజం విమానం. కొన్నేళ్లుగా తన చేతులతో కడుతున్నాడట. నాకు ముచ్చట వేయలేదు, వణుకు పుట్టింది. నేను పుట్టుకతోనే పిరికిదాన్ని.

ఆ పిరికితనం చూసే కాబోలు, నాకు రెండో పంపు పని అప్పజెప్పాడు. ట్యాంకు సీటు కింద ఉంటుంది, ఇంజను దానికన్నా ఎత్తులో ఉంటుంది. పెట్రోలు తనంతట తాను పైకెక్కదు, పంపు తోడాలి. ఆ పంపు ఇంజనుతో పాటే తిరుగుతుంది. అది చాలదని, బ్యాటరీతో నడిచే పంపు ఇంకోటి కూడా పెట్టాలన్నాడు.

“ఉన్నది బాగానే ఉంది కదా మావా, ఇంకోటెందుకు?” అన్నాను.

“ఆ పంపుని ఎవులు తిప్పుతారు?”

“ఇంజను.”

“ఇంజనుకి పెట్రోలు ఎవులు తెత్తారు?”

“ఆ పంపే.”

“మరి ఇద్దరూ ఒకల్నొకలు అట్టుకుని మునిగిపోతే, గట్టుమీంచి సెయ్యిచ్చీవోడు ఎవుడే కుమారీ?”

ఆ ముక్కతో నాకు జన్మకు సరిపడా అర్థమైంది. విమానం ఎత్తులో ఉంటే పైలట్‌కు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. నేల వదిలేటప్పుడూ దిగేటప్పుడూ ఉండదు. అందుకే ఆ రెండు వేళల్లోనూ రెండో పంపు ఆడుతూ ఉండాల్సిందే. ఆడితే అది టకటకమంటుంది. కానీ ఇంజను మోతలో ఆ చప్పుడు వినపడదు. అందుకని స్విచ్చు పక్కనే, పంపు ఆడినంతసేపూ వెలిగే ఎర్ర లైటు పెట్టాను, వెనక నిలబడ్డవాళ్లకు కూడా కనిపించేంత పెద్దది. ఆ వైర్లు నేనే కలిపాను, నేనే లాగి చూశాను. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక, ఏదో ఒకటి వదులుగా ఉండిపోయిందేమోనని మళ్లీ చెయ్యి కడుక్కుని గోదాముకు వచ్చిన రోజులున్నాయి.

అనుమతి కోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో గానీ, చివరికి తీరం వెంబడి తక్కువ ఎత్తులో ఎగరడానికి కాగితం వచ్చింది. కొబ్బరి తోటలు, జీడి తోటలు దాటాక ఉద్దానం ఒడ్డున, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసుక సిమెంటు చేసినట్టు గట్టిగా ఉంటుంది. అదే మా రన్‌వే. తోక పట్టుకుని ఆపడానికి ఎర్రయ్య ఉండేవాడు. అక్కడి జాలరి, మావకు చిన్ననాటి స్నేహితుడు. మావ భార్య నీలమ్మత్త మజ్జిగ చెంబుతో వచ్చి ఎర్రయ్య పక్కన నిలబడేది. నా పని ఎర్రగుడ్డ పట్టుకుని దూరంగా నిలబడి, జనం, పశువులు అడ్డం రాకుండా చూడడం.

ఆ వేసవి పొద్దున మొదటిసారి బాగానే ఎగిరి దిగాడు. ఊళ్లోంచి జనం వచ్చి చుట్టూ మూగారు. వాళ్లతో మాట్లాడుతూ చాలాసేపు ఎండలో ఉంచేశాడు విమానాన్ని. మళ్లీ బయల్దేరాడు. నా తల మీదుగా వెళ్లి సముద్రం వైపు తిరిగేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఆ తర్వాత నాకు అలల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. విమానం అలల మీదకు దిగిపోతోంది. నీళ్లు తాకుతుందనగా ఇంజను మళ్లీ అందుకుంది. ఊగుతూ తిరిగి వచ్చి ఇసుక మీద పడినట్టు దిగింది. ఒక చక్రం విరిగింది. మావ దిగి, అక్కడే కూలబడి, మంచినీళ్లు అడిగాడు.

జరిగిందేమిటో ఆయనే చెప్పాడు. ఎండకు గొట్టంలో పెట్రోలు మరిగి బుడగలు కట్టింది. బుడగల్ని ఇంజను పంపు లాగలేకపోయింది. జనంతో మాట్లాడేటప్పుడు బ్యాటరీ అయిపోతుందని రెండో పంపు ఆపేసి, మళ్లీ వేయడం మరిచిపోయాడు. గాల్లో గుర్తొచ్చి స్విచ్చు నొక్కాడు కాబట్టి బతికి బయటపడ్డాడు.

అప్పుడు ఎర్రయ్య తలపాగా తీసి చేత్తో నలుపుతూ, “లైటు ఎలగనేదని నాను సూసినాను బావా,” అన్నాడు.

“సూసి?”

“సంద్రం మీదకి ఎల్లీవోన్ని ఎనకనుండి ఎలాగ పిలుత్తాం? పిలిత్తే...” మిగతాది నోటితో అనలేకపోయాడు.

నీలమ్మత్త మజ్జిగ చెంబు కింద పెట్టింది. “నానూ సూసినాను,” అంది.

ఇద్దరూ చూశారు. ఒకరి మొహం ఒకరు కూడా చూసుకున్నారట. బయల్దేరినవాణ్ణి వెనక నుంచి పిలిస్తే కీడని ఇద్దరూ నోరు నొక్కుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇదేం చాదస్తమని నోరు తెరవబోతే మావ నన్ను ఆపాడు.

“ఆలనేటీ అనకు. తాతలకాన్నుండి ఒచ్చిన మాట నా పంపు కోసం మారిపోద్దేటి? ఏర్పాటు సెయ్యడం నాకే సేతకానేదు.” వాళ్లిద్దరి వైపూ తిరిగాడు. “ఎనకనుండి పిలవొద్దు. ముందుకి రండి. ముందర తిరిగీ పంకాకి ఎడంగా, రెక్క దాటి ఒచ్చి, నా కళ్ల ముందర సెయ్యెత్తండి. ఎవుల సెయ్యి లెగిసినా, అది దిగీదాకా నాను కదల్ను.”

ఆ కట్టుబాటు షాపులోకి కూడా వచ్చింది. ఏ మోటారుకైనా కరెంటు ఇచ్చే ముందు మా మొహాలు చూసి, “ఎవులి సెయ్యయినా లెగిసిందేటి?” అని అడిగేవాడు. నందిగాం నుంచి వచ్చిన రైతు ఒకాయన వరిచేను ఎండిపోతోందని కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, నేను ఊరికే అనుమానమొచ్చి చెయ్యెత్తాను. మావ మోటారు మొత్తం మళ్లీ విప్పించాడు. లోపల ఏ తప్పూ లేదు. నాకు సిగ్గేసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నా భయాన్ని పనిముట్టులా చేతికిచ్చినవాడు ఆయనే.

చలికాలానికి చక్రం బాగయింది. మళ్లీ తీరానికి వెళ్లాం. ఆ రోజు అన్నీ సవ్యంగా ఉన్నాయి. పంపు మీద వేళ్లు పెట్టి చూశాను, టకటకమంటోంది. లైటు వెలిగింది. ఇంజను నడుస్తోంది, ఎర్రయ్య తోక వదలబోతున్నాడు. నీలమ్మత్త చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, రెక్క చుట్టూ ఎడంగా నడిచి, మావకు ఎదురుగా వెళ్లి చెయ్యెత్తింది.

“ఏటి? లైటు ఎలగనేదా?” మావ ఇంజను మోతను మించి అరిచాడు.

“ఎలిగింది!”

“మరేటి?”

“బయ్యమేత్తంది!”

ఆయన ఆగాడు. ఆమె చెయ్యి దించలేదు. సముద్రం పోటెక్కి ఇసుక దారి సన్నబడిపోతోంది. దించు అత్తా, ఒక్కసారి ఎగరనీ అని మనసులో బతిమాలాను. ఆమె రెండో చేత్తో ఆ మోచేతిని ఆనించి పట్టుకుంది. మావ చాలాసేపు ఆ చేతినే చూసి, ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో రెండో పంపు ఒక్కటే టకటకమంటూ వినిపించింది. తర్వాత దాన్నీ ఆపేశాడు.

ఆయన మళ్లీ ఎగరలేదు. టార్పాలిన్ కింద రెక్కల గుడ్డ వదులైపోయింది. చాలా ఏళ్లకు ఒకసారి ధైర్యం చేసి, బాధనిపించలేదా మావా అని అడిగాను.

“ఎందుకనిపించనేదు? ఇప్పటికీ ఉంది,” అన్నాడు. “మీ అత్త మొదటిసారి నోరు నొక్కుకుని నన్ను సంద్రం మీదకి అంపేసింది. రొండోసారి ఎదురుగా ఒచ్చి బయ్యమేత్తందంది. ఏది ఎక్కువ కట్టమో నువ్వే సెప్పు,” అన్నాడు.

ఇప్పుడు జవాబు చెబుదామంటే ఆయన లేడు.

ఇవాళ పొద్దున మా అమ్మాయి తాళం తిప్పింది. పంపు జుయ్‌మని మోగి ఆగింది. సరిగ్గానే మోగింది, ఇంజనూ అందుకుంది. రోడ్డు తడిగా ఉంది. నేను మెట్లు దిగి, బండికి ఎదురుగా వెళ్లి చెయ్యెత్తాను.

“ఏటమ్మా! బ్రేకులు సూసేను, గాలి సూసేను, హెల్మెట్టుంది.”

“తెలుసే. బయ్యమేత్తంది.”

చిన్నప్పటి నుంచీ ఈ కథ వింటూ పెరిగిన పిల్ల అది. విసుక్కోలేదు. ఇంజను ఆపి, రెండు కాళ్లూ నేలకు ఆనించి, నా చెయ్యి వైపు చూస్తూ కూర్చుంది. దించకపోతే నిజంగానే వెళ్లదని దాని మొహంలో కనిపించింది. ఆ సంగతికి నాకు లారీలకన్నా ఎక్కువ భయమేసింది. నీలమ్మత్త చెయ్యి గుర్తొచ్చింది, దాన్నే చూస్తూ కూర్చున్న మావ గుర్తొచ్చాడు. కాసేపటికి చెయ్యి దించి పక్కకు జరిగాను.

బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. వెనక నుంచి పిలవలేదు.