అత్త గొంతు మీద నా గొంతు

మా పక్కింటి అత్త పోయిన నెల గుండెపోటుతో పోయింది. ఒడిశాలో మా గోపాల్‌పూర్ రేవులో చేపల వేలం పాడే మనిషి. సముద్రం మీద చేపల వేట నిషేధం తీరాక పడవలు తెచ్చే మొదటి బుట్టకి ఏటా ఆవిడే పాడేది. ఈసారి కూడా ఆవిడ గొంతే వినిపించాలని మా ఆడవాళ్లు పట్టుబట్టారు. ఎవరి ఫోన్లోనైనా ఉందేమో వెతికే పని నాకు అప్పజెప్పారు, చదువుకున్నదాన్ని కదా. పడవలు దిగే రోజు దగ్గరపడింది. అందుకే ఆవిడ పాట విన్న మీ అందరికీ ఇది రాస్తున్నాను.

ఆ గొంతంటే నాకు కుళ్లు. మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేను. అయినా రేవులో నిలబడి నేను పిలిస్తే మా నాన్న కూడా తిరిగి చూడడు. అత్త మాకు తెలుగులో, బేరగాళ్లకి ఒడియాలో ఒకే ఊపున పాడుతుంటే, పడవల మీది కాకులు కూడా లేచేవి.

నిరుడు మా ఇద్దరికీ బరంపురం ఆసుపత్రిలో ఒకే రోజు ముక్కు ఆపరేషన్. ఆవిడకి ముక్కులో చిన్న కండ, నాకు ఎముక వంకర. పూర్తిగా నిద్రపుచ్చితే గొంతులో గొట్టం వేస్తామని, కొన్నాళ్లు గొంతు నొప్పి ఉండొచ్చని డాక్టరమ్మ ఒడియాలో చెప్పింది. అత్త ముక్కు వదిలేసి గొంతు పట్టుకుంది.

"నా గొంతు జోలికి రాకండమ్మా, నా కూడు దాంతోనే. ముక్కు కావాలంటే కోసి మీరే ఉంచేసుకోండి."

డాక్టరమ్మ నవ్వింది. అత్తది చిన్న పనే కనక ముక్కు వరకు మత్తు సూది చాలంది. నాది అలా కుదరదని నిద్రపుచ్చారు.

మెలకువ వచ్చేసరికి గొంతులో ఇసక పోసినట్టుంది. ఉమ్ము మింగితే కళ్లలో నీళ్లు. పక్క మంచం మీద అత్త, ముక్కులో దూది కుక్కుకుని, వార్డంతటికీ పీతల పులుసు నేర్పుతోంది. నోటితో ఊపిరి పీల్చి ఆవిడ గొంతు కాస్త ఆరింది, అంతే. మా అమ్మ నా తలగడ దగ్గర కూర్చుని ఆవిడ మాటలకి నవ్వుతోంది. అది చూసి నాకు మరీ మండింది.

"ఏటే అమ్మీ, మూతి అలా ఎట్టేవు?" అంది అత్త.

"నీకేటత్తా, నువ్వు మాటాడగలవు," అన్నాను గుసగుసగా.

"అరిస్తే గొంతు పోదే. అలిగితే పోతాది."

లేచి వచ్చి చెంచాతో నీళ్లు పోసింది. "నువ్వు నోరెత్తకు. ఇద్దరికీ ఒక్క గొంతు సాల్దేటి?" అంది. ఆ రోజంతా నాకు కావాల్సిన నర్సుని, దుప్పటిని, చల్లటి నీళ్లని ఆవిడే పిలిచింది.

నా ఫోన్లో ఆవిడ గొంతు ఒక్కచోటే దొరికింది. ఆ సాయంత్రం స్నేహితురాలికి నేను పంపిన వాయిస్ మెసేజ్. ముందు నా గరగర, వెనక ఎక్కడో అత్త. ఫోను నా నోటి దగ్గరుంది కనక, ఆ ఒక్కసారే నా గొంతు ఆవిడ గొంతుని మించింది. ఆవిడ ఏమంటోందో ఎంత విన్నా తేలదు.

మీలో ఎవరి దగ్గరైనా ఆవిడ పాట ఉంటే, మీ మీద కూడా నాకు కుళ్లే. జూన్ పదో తేదీలోగా పంపండి. లేకపోతే లేదనైనా రాయండి. అంతవరకు మా అమ్మ రోజూ ఆ మెసేజే పెట్టించుకుంటుంది. నా గరగర మొదలవగానే ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వుండే అమ్మీ, ఆవిడ్ని ఇననీ," అంటుంది.