పురిటి పిట్టల ఊరికి రెండోసారి

పోయిన ఏడాది ఈ పత్రికలోనే పిట్టల ఊరి గురించి రాశాను. ఏ బండి ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఏ చెట్టు కింద నిలబడాలో పూసగుచ్చినట్టు చెప్పాను. అక్కడి గూడబాతులు మనిషి దగ్గరికెళ్ళినా ఎగిరిపోవని మురిసిపోతూ రాశాను. నా బుద్ధి గడ్డి తింది.

ఈ మార్గశిరంలో మళ్ళీ బయల్దేరాను. విజయనగరంలో ఆరున్నర పాసింజరు ఏడుంబావుకి కదిలింది. ఎదుట ఎండుచేపల తట్టతో కూర్చున్నావిడ నా మెడలోని దుర్భిణీ చూసి, "అదేటి బాబూ?" అంది. పిట్టల్ని చూడటానికన్నాను.

"సూసీసి ఏటి సేస్తావు?"

నవ్వేశాను.

పదకొండుకి దిగాను. స్టేషను పేరు ఈసారి రాయను; పాత సంచిక ఉన్నవాళ్ళకి ఎలాగూ తెలుసు. ఇడ్లీ తిని, కోసిన వరిమళ్ళ గట్లమ్మట నాలుగు మైళ్ళు నడిచాను. పోయినసారి పొలిమేర దగ్గరికే పిట్ట పిల్లల గోల వినిపించింది. ఈసారి కుప్ప నూర్పుల చప్పుడొక్కటే.

చింతచెట్లు అప్పలమ్మ అనే ముసలావిడ పెరట్లో ఉన్నాయి. గూళ్ళున్నాయి, పిట్టల్లేవు. ఆ ఊళ్ళో వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. అవి ఉన్నన్నాళ్ళూ పెళ్ళికైనా డప్పు కొట్టరు, దీపావళికి టపాకాయ కాల్చరు. పురిటింటికి చూడ్డానికొచ్చిన చుట్టాన్ని పొమ్మనడం కూడా వాళ్ళకి తెలీదు.

"నీ సుట్టాలొచ్చినారు బాబూ, జీపులో," అంది అప్పలమ్మ. "నువ్వు రాసిన కాయితం సూపించినారు. నీ పేరు సెప్పినారు. మంచమేసి మజ్జిగిచ్చినాను. ఆ మంచమ్మీదే కూకొని తుపాకులు కాల్సినారు."

వాళ్ళు నాకేమీ కారన్నాను.

"కాకపోతే నీ పేరెలాగ తెలుసు?"

బతికిన పిట్టలు పిల్లల్ని వదిలేసి పోయాయట. పిల్లలు గూళ్ళలోనే ఆకలికి మాడి చచ్చాయట. మళ్ళీ వస్తాయా అని అడిగాను, సిగ్గులేకుండా.

"పుట్టింట్లోనే సంపీసినాక ఏ ఆడపిల్ల వస్తాది బాబూ?" అంది. కూర్చోమనలేదు. మంచినీళ్ళు అడగడానికి నాకూ నోరు రాలేదు.

సాయంత్రం నాలుగున్నర బండికి తిరుగుముఖం పట్టాను. పెట్టెలో ఒక ప్లీడరుగారు, మర్యాదస్తుడే, నా దుర్భిణీ చూసి, "పిట్టలు బాగా ఉండే చోటేదైనా ఉంటే చెప్పండి, పిల్లల్ని తీసుకెళ్తాను," అన్నారు. ఎక్కడినించి వస్తున్నారని కూడా అడిగారు.

ఊరి పేరు చెప్పి, "అక్కడ పిట్టల్లేవండీ," అన్నాను.

అబద్ధమాడదామనే నోరు తెరిచాను. తీరా అన్నాక చూస్తే, అది నిజమే.